ఇసుక గూటిలో గాజుముక్క

మా అత్త చేపని నమ్మదు. మొప్ప ఎత్తి చూస్తుంది, పొట్ట నొక్కి చూస్తుంది, కన్ను లోతుకు పోయిందేమోనని చూస్తుంది. అన్నీ అయ్యాక అమ్మే మనిషి మొహం కూడా ఒకసారి పరీక్షగా చూసి గానీ సంచి తెరవదు. గోపాల్‌పూర్ పక్కన చేపలుపట్టే వాళ్ల పల్లెలో పుట్టి, మొగుడు పోయాక బరంపురం బజారులో ఎండుచేపల గంప పెట్టుకుని కొడుకుని చదివించిన మనిషి. ఆ కొడుకుని నేను చేసుకున్నాను. నాది గిరిసోల దగ్గర పొలాల వాళ్ల ఇల్లు. మాది ఇద్దరం ఇష్టపడి చేసుకున్న పెళ్లి కనుక, కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నా మొప్ప కూడా ఎత్తి చూసిందని నా అనుమానం.

అనుమానంలో నేనూ తక్కువేం తినలేదు. గ్యాస్ కట్టేశానా అని సగం దారిలోంచి వెనక్కి వస్తాను. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లు ఎక్కువ కలిపాడనుకుంటాను. బరంపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను, మిగతా సమయంలో ఏటి పురుగుల్ని చూస్తాను. ఈ పనిలో అనుమానం జబ్బు కాదు, పనిముట్టు. మా ఆయన మాత్రం ఈ మాట ఒప్పుకోడు.

కాడిస్ ఈగ అని ఒక పురుగుంది. దానికి తెలుగులో వేరే పేరున్నట్టు నేను వినలేదు, మా వైపు ఎవరూ దాన్ని పట్టించుకోరు. దీపం దగ్గరకు వచ్చే బూడిదరంగు చిమ్మటలా ఉంటుంది, రెక్కల్ని ఇంటికప్పులా మూసుకుని కూర్చుంటుంది. అది పెద్దయ్యాక సంగతి. పిల్లగా ఉన్నన్నాళ్లూ నీటి అడుగున బతుకుతుంది. ఒళ్లు మెత్తన, ఏ చేపకైనా ఒక్క గుటకకి సరిపోతుంది. అందుకని నోట్లోంచి పట్టుదారం తీసి, ఇసుక రేణువుల్ని ఒక్కొక్కటే ఏరి అతికి, గొట్టంలాంటి గూడు కట్టుకుంటుంది. తలా కాళ్లూ బయటపెట్టి ఆ ఇంటిని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ముందువైపు కొత్త ఇసుక చేరుస్తుంది, వెనక ఇరుకైపోయిన ముక్కని కొరికి వదిలేస్తుంది. ఆఖరికి ఒక రాయికి గూడు అతికించుకుని తలుపులు మూసుకుంటుంది. లోపల పాత తోలు విడిచి గూటి వెనక్కి నెట్టేసి, కొన్నాళ్లకి రెక్కలతో బయటపడుతుంది.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. నేను పట్టుకున్న జాతిలో రెక్కల పురుగుకి పేరుంది, పిల్లకి లేదు. ఎప్పుడో ఎవరో దీపం దగ్గర వాలిన మగ పురుగుని పట్టి, దాని తోక చివరి కొక్కేల బొమ్మ గీసి, పేరు పెట్టి వెళ్లిపోయారు. దాని పిల్ల ఎలా ఉంటుందో, తల మీద ఏ మచ్చ ఉంటుందో, గూడు ఎలా కడుతుందో ఎవరూ రాయలేదు. అది రాయడమే నా పని. ఒకే ఏట్లో దొరికాయి కదా అని ఇది దాని పిల్లే అని రాసేయడానికి లేదు. ఒకే బస్సు దిగినవాళ్లంతా ఒకే ఇంటివాళ్లు కారు కదా. పిల్లని తెచ్చి పెంచి, అది రెక్కలు తొడుక్కున్నాక కొక్కేలు చూసి, అప్పుడు రాయాలి.

మా పుట్టింటి ఊరి నుంచి కొండలవైపు లోపలికి పోతే ఒక గెడ్డ ఉంది. వానాకాలం పొంగుతుంది, ఎండాకాలం మోకాలి లోతున పారుతుంది. పైన రాళ్ల మధ్య ఒక మడుగు, దిగువన పల్లె దగ్గర ఒక రేవు. రెండు చోట్లా ఇసుక గూళ్ల పిల్లలు దొరికాయి. పైకి చూస్తే ఒకటే. లెన్సు పెడితే మడుగులోని వాటి తల మీద లేత పసుపు పట్టీ ఉంది, రేవులోని వాటి తల మొత్తం ముదురు గోధుమరంగు. అవి రెండు జాతులా, ఒకే జాతిలో రెండు రంగులా? రెండయితే ఆ పేరున్న మగ పురుగు ఎవరి బిడ్డ? పట్టీ తలదే అయివుంటుందని నా మనసు చెప్పింది, ఎందుకంటే మగ పురుగులు సాయంత్రం దీపానికి ఎక్కువగా పైమడుగు దగ్గరే వాలేవి. నా మనసుని కూడా నేను పూర్తిగా నమ్మను, అయినా ఆ మాట చెవిలో పడింది.

రేవు దగ్గర నన్నూ ఎవరూ నమ్మలేదు. చీర ఎగ్గట్టుకుని, జల్లెడతో ఇసుక దేవుతూ, ఏదో ఏరి సీసాల్లో వేసుకునే మనిషిని ఎవరు నమ్ముతారు? బట్టలుతికే ఆవిడ ఒకతె సబ్బు పక్కన పెట్టి వచ్చి నా వెనక నిలబడింది.

"ఏటమ్మా ఎతుకుతున్నావు? బంగారమేటి?"

"పురుగులమ్మా."

"పురుగుల కోసం బరంపురం నించి ఒచ్చినావా?" అంది. ఆ గొంతులోనే నమ్మకం లేదు. సీసా ఎత్తి వెలుగులో చూసి, వెంటనే నా చేతిలో పెట్టేసి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఈ రేవులోంచి ఏటీ ఇంటికి పట్టికెల్లకూడదు. పదో దినం గాజులు తీసేది ఇక్కడే. సిల్లంగి ఎట్టేవోల్లు తప్ప ఇక్కడ సెయ్యెట్టరు."

చిల్లంగి అంటే చేతబడి. ఆవిడ వేలు పెట్టి చూపించిన చోట ఒక బల్లపరుపు రాయి ఉంది. ఆ పల్లెలో భర్త పోయిన ఆడదాన్ని అక్కడికి తీసుకొచ్చి, ఆ రాయి మీద చేతి గాజులు చిదగ్గొట్టి, ముక్కల్ని నీళ్లలో వదిలేస్తారు. మా ఊరి వాళ్లకి వేరే రేవు ఉంది కనుక ఈ రాయి సంగతి నాకు తెలియదు. నేను తల ఊపి, ఆవిడ అటు తిరగగానే సీసా సంచిలో వేసుకున్నాను. ఇంటికి వచ్చాక పురుగులు కొండ గెడ్డలోవని మాత్రం చెప్పాను, రేవు మాట ఎత్తలేదు. మా అత్తకి ఆ మాట చెబితే సీసాలు వీధిలో ఉంటాయని భయం.

వెనక వసారాలో మిఠాయి డబ్బాలు కడిగి, అడుగున శుభ్రమైన తెల్ల ఇసుక పోసి, గెడ్డలోంచి తెచ్చిన కుళ్లిన ఆకులు వేసి, చేపల తొట్టెకి పెట్టే గాలి మోటారు పెట్టాను. పైన దోమతెర కట్టాను, రెక్కలొచ్చినవి ఎగిరిపోకుండా. గోడవైపు వరుస పైమడుగు పిల్లలు, తలుపువైపు వరుస రేవు పిల్లలు. బరంపురం ఎండలకి ఆ నీళ్లు వేడెక్కకుండా మట్టికుండలో నీళ్లు చల్లబరిచి మార్చేదాన్ని. మా అత్త మొదట ముక్కు మూసుకుంది, తర్వాత నాకు కాలేజీ ఉన్నరోజుల్లో నీళ్లు తనే మార్చింది. "సేపలకైతే ఇంత సేవ సేత్తే తినడానికైనా పనికొచ్చును" అని మాత్రం రోజూ అనేది.

మా స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ ఆయన తూనీగల మీద పని చేస్తాడు, ఒడియా ఆయన. ఒక ఆదివారం భార్యతో కలిసి, ఛెనాపొడొ మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి ఎందుకొచ్చాడు? కాఫీ తాగి తిన్నగా వసారాలోకి నడిచాడు. ఏ వరుస ఎక్కడిది, దేనిలో ఏముంది అని తన భాషలో మెత్తగా అడిగాడు. భార్య దోమతెర పైకెత్తి డబ్బాలోకి వంగి, "పాపం, రాళ్లు నడుస్తున్నాయి" అని వేలు ముంచి ముట్టుకుంది. వాళ్లు వెళ్లాక తెరలన్నీ మళ్లీ కట్టాను.

తర్వాత కాలేజీ వాళ్లు నన్ను శిక్షణకని భువనేశ్వర్ పంపించారు. "చచ్చిపోకుండా చూడత్తా" అని డబ్బాలు ఆవిడకి అప్పగించి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి దాదాపు అన్ని గూళ్లూ రాళ్లకి అతుక్కుని తలుపులు మూసుకున్నాయి. తలుపు మూసుకున్నాక లోపలి తల కనపడదు, కదిపితే చస్తాయి. నేను వేలు పెట్టకుండా కాపలా కాశాను.

గోడవైపు వరుసలో ఒక డబ్బా తెర మీద ఒక పొద్దున మగ పురుగు వాలి ఉంది. కొక్కేలు చూశాను. అదే! మా అత్తని పిలిచి చూపించాను. "ఇదా? దీనికా ఇన్నాల్లు?" అంది ఆవిడ, అయినా ముఖం విప్పారింది. గోడవైపు డబ్బాలోంచి వచ్చింది కనుక పట్టీ తల పిల్లే దాని పిల్ల. నా మనసు చెప్పిందే నిజమైంది. వ్యాసం రాయడం మొదలుపెట్టాను. తల కొలతలు, కాళ్ల మీద ముళ్లు, పొట్ట మీద మొప్పల పోగులు, అన్నీ ముందే స్పిరిట్‌లో దాచిన పట్టీ తల పిల్లని చూసే రాశాను.

ఆ నెలల్లోనే పైమడుగు పోయింది. కొత్త రోడ్డుకి కల్వర్టు కట్టి, రాళ్లు తవ్వి, అడుగంతా సిమెంటు పరిచారు. వెళ్లి చూస్తే గట్టి నేల మీద పల్చగా నీళ్లు జారుతున్నాయి, ఒక్క గూడు లేదు. మళ్లీ తెచ్చుకుని సరిచూసుకునే దారి మూసుకుపోయిందన్నమాట. నా దగ్గర ఉన్నవే ఇక ఆఖరు. అయినా ఏమైంది, పని అయిపోయింది కదా అనుకున్నాను.

చివరగా మిగిలింది గూటి బొమ్మ. మగ పురుగు విడిచిన ఖాళీ గూడుని చీలిస్తే ఆకారం చెడుతుందని, ముందు బొమ్మ గీసి తర్వాత చీలుద్దామని అట్టే దాచాను. భోజనాల బల్ల మీద మైక్రోస్కోపు పెట్టుకుని రేణువు వెంట రేణువు గీస్తున్నాను. తెల్లరాయి, నల్లరాయి, అభ్రకం. నడుము దగ్గర, ఏట్లో కట్టిన ముక్కా డబ్బాలో కట్టిన ముక్కా కలిసేచోట, ఒక రేణువు దీపం కదిపినప్పుడల్లా ఆకుపచ్చగా మెరిసింది.

ఎవరైనా అతికించారా? సూది మొనతో కదిపాను. లోపలినుంచి పట్టుదారంతో బిగించి ఉంది, మనిషి చేతికి సాధ్యం కాదు. పురుగే ఏరుకుని పెట్టుకుంది. అది గాజుముక్క. పైమడుగులో గాజెక్కడిది? గాజుంది రేవులో. అంటే రేవు పిల్ల గోడవైపు డబ్బాలోకి వచ్చిందా? వస్తే నేను రాసిందంతా ఎవరి పిల్లనో ఇంకెవరికో అంటగట్టినట్టు. అచ్చయిపోతే ఇక తరాల పాటు అందరూ నా తప్పునే నమ్ముకుంటారు.

ఇంకొక దారి కూడా ఉంది. ఆ ముక్క నడుము దగ్గర ఉంది కనుక డబ్బాలోకి వచ్చాకే పెట్టుకుని ఉండవచ్చు. మా ఇంట్లో ఆకుపచ్చ గాజులు లేవు. అత్త వేసుకోదు, నేను పనికి అడ్డమని లోహపు గాజు ఒకటి వేసుకుంటాను. కానీ డబ్బాలో వేలు ముంచిన ఆ భార్య? ఆమె గాజు చిట్లి ముక్క అందులో పడి ఉంటే? అప్పుడు గొడవే లేదు. డబ్బాలు కలవలేదు, వ్యాసం భద్రంగా ఉంది. ఆమె చేతికి ఆ రోజు ఏ రంగు గాజులున్నాయో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఎవరి మొహమైనా గుర్తు పెట్టుకుని అనుమానించే దాన్ని, చేతులు చూడలేదేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

మార్గశిర గురువారం పూజకి వాళ్లింటికి పిలిచారు. పిలవకపోయినా వెళ్లేదాన్ని. గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసి ఉన్నాయి, వాటిని తొక్కకుండా నడుస్తూ నేను ఆమె చేతుల్నే చూశాను. ఆకుపచ్చ గాజులు! ప్రసాదం పెడుతుంటే చూశాను, నీళ్లిస్తుంటే చూశాను, ఆమె జడ సవరించుకుంటుంటే చూశాను. పక్కన మా స్టాఫ్‌రూం ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. బయల్దేరేటప్పుడు ఆమె లోపలికి వెళ్లి, కాగితంలో చుట్టిన కొత్త గాజులు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముందే అడగొచ్చు కదా మేడం, మన మధ్య మొహమాటం ఏమిటి" అని ఒడియాలో అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయితే గాజులు మాత్రం వదల్లేదు, నాకు కావలసింది అవే.

ఇంటికి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, వసారాలో సన్నికల్లు పక్కన చతికిలబడి ఒక గాజు రాతి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టాను. ముక్కని లెన్సు కింద పెడితే ఆ రంగూ ఈ రంగూ ఒకటో కాదో తేలిపోతుంది.

"ఓలమ్మో! ఏటిది? ఏటి సేస్తన్నావే?"

మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కొత్తిమీర కట్ట కిందపడింది. ఆవిడ గొంతు అలా వినడం అదే మొదలు. ఒక్క అంగలో వచ్చి నా చేతిలో రాయి లాక్కుంది.

"నా కొడుకు బతికుండగా రాయెట్టి గాజు కొడతావేటే! ఎవులు సెప్పినారు నీకు? ఎవులి మీద కోపం? ఆ ఒడియావోల్లింట్లో ఏటి తినిపించినారు నీకు?"

"అత్తా, అది కాదు..."

"ఏది కాదు? పండగపూట పేరంటానికెల్లి ఒచ్చి, పసుపుకాల్లతో కూకుని, గాజులు సిదగ్గొడతావా? నాను సూసినాను కనక సరిపోయింది. నేకపోతే ఇంకేటేటి సేసుదువో!"

ఆవిడ కళ్లలో అనుమానం చూస్తే నాకు భయం వేసింది. ఆ అనుమానం చేపని చూసేదానిలా లేదు. నేను తన కొడుక్కి ఏదో తలపెట్టానని ఆవిడ నిజంగానే అనుకుంటోంది. ఇక దాచి లాభం లేదు. గాజుముక్క సంగతి, వ్యాసం సంగతి, ఒడియా ఆయన భార్య వేలు ముంచిన సంగతి, ఆఖరికి రేవు సంగతి కూడా చెప్పేశాను. పదో దినం రాయి, నీళ్లలో ముక్కలు, వద్దన్నా నేను తెచ్చుకున్న పురుగులు, ఏదీ మిగల్చలేదు.

రేవు మాట దగ్గర ఆవిడ ముఖం మారింది. తిట్టబోతుందనుకున్నాను. తిట్టకుండా, డబ్బాలుండే మూల వైపు చూసింది.

"అయితే ఈ వరస పురుగు ఆ వరసలోకి ఎల్తే నీకు గొండొగోళమేటి?" అంది. గొండొగోళం అంటే ఆవిడ లెక్కలో చిన్న తగాదా నుంచి ప్రళయం దాకా ఏదైనా.

"అంతా పోయినట్టే అత్తా. ఇన్నాళ్ల పనీ నీళ్లలో పోసినట్టే."

ఆవిడ కొత్తిమీర ఏరి గిన్నెలో పెట్టింది. కొంగు సర్దుకుంది. "నాను మార్సినాను" అంది.

నేను గోడవైపు డబ్బాల్నీ తలుపువైపు డబ్బాల్నీ మార్చి మార్చి చూశాను.

"నువ్వు బువనేసురం ఎల్లినప్పుడు గోడకాడ డబ్బాల్లో కొన్ని సచ్చిపోనాయి. ఒక డబ్బా ఉత్తిది. తలుపుకాడ డబ్బాల్లో గుంపుగుంపు. పోగులు సరిగా నేకపోతే ఎలగ? అటు కొన్ని ఇటేసినాను, ఇటు కొన్ని అటేసినాను. అన్నిట్లోనూ సమానం సేసినాను. నువ్వొచ్చి సూస్తే ఏడుస్తావని సెప్పనేదు."

ఎండుచేపల్ని నేల మీద పరిచి పోగులు పెట్టడం మా అత్త చేతికి పుట్టుకతో వచ్చిన పని. ఒక పోగు చిన్నదైతే పక్క పోగులోంచి రెండు తీసి ఇటు వేస్తుంది, చేతికి ఆ పని చెప్పక్కర్లేదు. పోగులు సమంగా లేకపోతే కొనేవాళ్లు అనుమానిస్తారు, గొడవ పెట్టుకుంటారు. ఎవరికీ అనుమానం రాకూడదనే ఆవిడ ఆ పని చేసింది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ రావాలి, కానీ కోపం వచ్చింది. గట్టిగా అరిచాను. "పురుగులు ఎండు నెత్తళ్లు కాదత్తా" అన్నాను. ఆవిడ తల దించుకుని విన్నది. ఆవిడ తల దించుకోవడం నాకు కొత్త, అందుకని ఇంకా కోపం వచ్చింది.

కొట్టిన గాజుముక్కని ఆ కోపంలోనే లెన్సు కింద పెట్టాను. రంగు దగ్గరగానే ఉంది గానీ అంచులు కత్తిలా ఉన్నాయి. గూటిలోని ముక్క అంచులు అరిగి, పైపొర మసకబారి ఉంది, నీళ్లలో ఏళ్ల తరబడి దొర్లిన ముక్క అది. రేవుదే. ఇక నాకు ఏ ఆశా మిగల్లేదు.

"ఇప్పుడు ఏది ఎక్కడిదో సెప్పనేవేటి?" అంది అత్త నా వెనకనుంచి, మెల్లగా.

"మొప్ప ఎత్తి చూడాలి" అన్నాను.

ఆవిడకి అర్థమైంది. పక్కకి జరిగి, దీపం నా వైపు తిప్పింది. బొమ్మ ఎటూ అయిపోయింది, గూడు పాడైనా ఫర్వాలేదు. సూదితో గూటిని నిలువునా చీల్చాను. విడిచిన తోలుని కొన్ని జాతులు బయటికి తోసేస్తాయి, కొన్ని లోపలే అట్టిపెడతాయి. ఇది ఏ రకమో నాకు తెలియదు. వెనక చివర నలిగిన ఉల్లిపొరలాంటి ముద్ద ఉంది. నీటి చుక్క వేసి విప్పాను. కాళ్ల ముక్కలు, వీపు పెంకులు, తర్వాత తల. తల మొత్తం ముదురు గోధుమరంగు. పసుపు పట్టీ లేదు.

అంటే మగ పురుగు రేవు బిడ్డ. నేను పేజీల కొద్దీ రాసింది దాని గురించి కాదు. ఆ తర్వాత వారం అంతా దాచిన గూళ్లన్నీ చీల్చాను. ముదురు తలలున్న గూళ్లలోనే గాజు పొడి కనిపించింది, అదీ కొన్నిట్లోనే. పట్టీ తలలున్న గూళ్లలో ఒక్కదానిలోనూ గాజు లేదు. వాటిలోంచి వచ్చినవన్నీ ఆడ పురుగులే, ఆడ పురుగుని చూసి మా వైపు జాతుల్లో పేరు చెప్పడం ఇప్పటికి ఎవరి తరమూ కాదు. దాని మడుగు సిమెంటు కింద ఉంది. అది ఎవరి పిల్లో ఇక చెప్పలేను. మా అత్త పోగులు కలపకపోతే ఆ మగ పురుగు ఆ డబ్బాలోంచి వచ్చేది కాదు. గాజు కనపడకపోతే నేను తప్పు పిల్లకి ఆ పేరు కట్టబెట్టి గర్వంగా తిరిగేదాన్ని. ఈ రెండు ముక్కలూ ఆవిడతో అనలేదు, అంటే మెచ్చుకున్నాననుకుని రేపటినుంచి డబ్బాలన్నీ సమానంగా సర్దేస్తుంది.

పక్క కుర్చీ ఆయన మీద అనుమానం పోయిందా అంటే, చాలావరకు పోయింది. గాజుల సెట్టులో మిగిలినవి వేసుకుని కాలేజీకి వెళ్లాను, వాళ్లావిడకి తెలిస్తే సంతోషిస్తుందని. కానీ ఆయన ఆ ఆదివారం ఎందుకొచ్చాడో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

వ్యాసం మళ్లీ మొదటినుంచి రాశాను. ముదురు తల పిల్ల కొలతలు, దాని ముళ్లు, దాని మొప్పలు. గూడు గురించి రాసేచోట, ఇసుక రేణువులూ అక్కడక్కడ గాజు రేణువులూ అని రాసి, ఆగిపోయాను. దొరికిన చోటు రేవు అని రాశాను. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక మా అత్త పక్కన నిలబడి, "ఒకసారి నన్నూ సూడనీ" అంది. ఇంత గొడవ జరిగినా ఆవిడ ఆ మైక్రోస్కోపులో ఎప్పుడూ చూడలేదు. కుర్చీ ఆవిడకిచ్చి, అద్దం ఆవిడ కంటికి సరిచేశాను.

చాలాసేపు చూసింది. చేపని చూసినట్టు కాదు, ఊరికే చూసింది.

"ఎవుల్దమ్మీ ఈ గాజు?" అంది.

ఏ పిల్ల ఏ పురుగుదో అని ఇన్నాళ్లూ అడిగాను. ఏ డబ్బా ఎవరు ముట్టుకున్నారో, ఏ గాజు ఎవరి చేతిదో అని ఇల్లిల్లూ తిరిగి అనుమానించాను. రేవులోని ఆ గాజు ఏ మనిషిదో అనే అనుమానం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

"తెలీదత్తా."

"సిన్నపిల్లదో పెద్దదో" అంది, కన్ను అద్దం మీదనుంచి తీయకుండా. కాసేపటికి, "నాయి ఎర్రవి. సముద్రంలో ఇసిరేసినారు. ఆ నీల్లల్లో ఇలాటి పురుగులుంతాయా?" అంది.

ఉప్పునీళ్లలో ఈ పురుగులు బతకవని పిల్లలకి పాఠం చెబుతాను. అదే చెప్పాలి.

"మన ఒడ్డున ఎవరూ వెతకలేదత్తా" అన్నాను.